ఎడమచెయ్యి ఎత్తిన ఊరు

తాటిరేవు మునిసిపల్ చైర్మన్ చిట్టూరి పానకాలు మాస్టారికి పాఠం చెప్పడం అంతంతమాత్రంగా వచ్చు, పిల్లల్ని కొట్టడం బొత్తిగా రాదు. కాని క్లాసు చేత చెయ్యెత్తించడంలో ఆయన్ని మించినవాడు గోదావరికి ఈ గట్టునా లేడు, ఆ గట్టునా లేడు. ఆయన్ని పైకి తెచ్చింది ఆ విద్యే. కిందికి దించిందీ అదే. ఆ ముచ్చట చెప్పాలంటే ఆయన బడిపంతులుగా ఉన్న రోజుల దగ్గర మొదలెట్టాలి.

మునిసిపల్ హైస్కూల్లో ఆయన సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఇన్‌స్పెక్షన్‌కి పై అధికారి వస్తున్నాడని కబురందితే తక్కిన మాస్టర్లకి ముచ్చెమటలు పోసేవి. పిల్లల చేత రాజుల పేర్లూ, నదుల పేర్లూ తెగ వల్లె వేయించేవారు. పానకాలు మాస్టారు అంత శ్రమ పెట్టుకునేవారు కాదు. ముందురోజు క్లాసులోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఒకే ఒక్క సంగతి చెప్పేవారు.

"ఒరేయ్, రేపు ఆయన ఏమడిగినా సరే, క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి. తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తండి. నేను కుడిచేతుల వాళ్ళనే లేపుతాను. అర్థమైందా?"

మర్నాడు అధికారి వచ్చి ప్రశ్న నోట్లోంచి పూర్తిగా రాకముందే క్లాసంతా చేతులు లేచేవి. మాస్టారు తీరిగ్గా ఒక కుడిచెయ్యి చూసుకుని, "నువ్వు చెప్పమ్మా" అనేవారు. జవాబు టంగుమని వచ్చేది. అధికారి పొంగిపోయి, 'విద్యార్థులు మిక్కిలి చురుకైనవారు' అని రాసి, టీ, జీడిపప్పు పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. పరీక్షల్లో ఆ చురుకుదనం ఏమయ్యేదో మనం అడక్కూడదు, ఆయన చెప్పకూడదు.

ఒక ఇన్‌స్పెక్షన్‌లో మాత్రం ఒక్క చెయ్యి లేవలేదు. కుడిదీ లేవలేదు, ఎడమదీ లేవలేదు. ఆ పిల్ల పేరు కోన నూకరత్నం. కాలవ అవతల బల్లకట్టుపేట నుంచి వచ్చేది. అధికారి వెళ్ళాక మాస్టారు పిలిచి అడిగారు.

"తెలియకపోతే ఎడమది ఎత్తమన్నాను గదే. అదీ చేతకాలేదా?"

"తెలుసండి. పొద్దున్నించీ నీళ్ళు మోసొచ్చానండి. సేతులు పైకి లెగట్లేదండి" అంది ఆ పిల్ల.

బల్లకట్టుపేటలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. కుళాయి లేదు. పేటలో ఆడవాళ్ళంతా కాలవ దాటి మెయిన్ రోడ్డు కుళాయికి వచ్చి బిందెలతో మోసుకుపోవాల్సిందే. ఈ సంగతి మాస్టారికి అంతకుముందూ తెలుసు. కాని తెలియడం వేరు, పట్టడం వేరు. ఆ మధ్యాహ్నం ఆయనకి కేరియర్ విప్పబుద్ధి కాలేదు. గ్లాసులో నీళ్ళు చూస్తే సిగ్గేసింది.

ఆ సాయంత్రమే మునిసిపాలిటీకి మొదటి అర్జీ పెట్టారు, బల్లకట్టుపేటకి కుళాయి వేయించమని. తరవాత ఏటా పెడుతూనే వచ్చారు. చైర్మన్లు మారారు, కుర్చీలు మారాయి, "చూద్దాం మాస్టారూ" అన్న మాట మారలేదు. చివరికి రిటైరైన నాడు, పూలదండ మెడలో ఉండగానే, ఆయన ఒక నిశ్చయానికొచ్చారు. అర్జీలు పెట్టీ పెట్టీ చావడం కంటే, అర్జీలు పుచ్చుకునే కుర్చీలో తానే కూర్చుంటే పోదూ!

ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర చదివినవాళ్ళు, లేదా చదవకుండా గట్టెక్కినవాళ్ళు. విశ్వాసం కొద్దీ గెలిపించారు. చైర్మన్ పదవి కోసం రెండు వర్గాలు జుట్లు జుట్లు పట్టుకుని, చివరికి ఇద్దరికీ శత్రువు కానివాడు ఎవడా అని వెతికితే మాస్టారు దొరికారు. రైసుమిల్లు గంగిశెట్టి వీరభద్రం వైస్ చైర్మన్ అయి, చైర్మన్ కుర్చీ వంక ఆకలిగా చూస్తూ పక్కన సర్దుకున్నాడు. బల్లకట్టుపేట వార్డు నుంచి నూకరత్నమే కౌన్సిలరుగా వచ్చింది. ప్రమాణస్వీకారం కాగానే ఆవిడ మాస్టారి కాళ్ళకి దండం పెట్టి, లేస్తూ లేస్తూనే అడిగేసింది.

"ఇప్పుడైనా మా పేటకి కుళాయి ఏయిత్తారా మేస్టారూ?"

"ఆ పని కోసమే గదమ్మా ఈ కుర్చీ ఎక్కింది" అన్నారు మాస్టారు.

ఆయన అన్న మాట నిలబెట్టుకునే మనిషే. కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి పైపులైను మంజూరు చేయించారు. నల్లటి పైపులు లారీల మీద వచ్చి మునిసిపల్ ఆఫీసు ఆవరణలో కొండలా పడ్డాయి. నూకరత్నం రోజూ వచ్చి వాటిని ఓసారి తడిమి చూసుకుని పోయేది. ఇంక కాలవ కింద నుంచి తవ్వి వేయడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే సర్కారువారికి సంతృప్తి పట్టుకుంది.

ప్రజలకి ఏం కావాలి అని అడిగితే ఖర్చు. తృప్తిగా ఉన్నారా అని అడిగితే ఏమీ ఖర్చు లేదు. ఈ సూక్ష్మం రాజధానిలో ఎవరో మహానుభావుడు కనిపెట్టాడు. వెంటనే ఉత్తర్వు వచ్చింది. మునిసిపల్ కమిషనర్ పరాంకుశం గారు గొంతు సవరించుకుని దాన్ని చైర్మన్ గదిలో చదివి వినిపించారు. ఆయన మామూలుగా టీ తెమ్మనడం కూడా ఉత్తర్వులాగే ఉంటుంది, ఇంక ఉత్తర్వు చదివితే చెప్పేదేముంది?

"పురపాలక సంఘ పరిధియందలి సమస్త పౌరుల సంతృప్తిని హస్తోత్థాన విధానమున నిర్ధారించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

"అంటే ఏమిటండీ?"

"వార్డుకొక సభ జరుపవలెను. మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపములు, ఒక్కొక్క అంశమును గూర్చి అధికారి ప్రశ్నించును. సంతృప్తి గలవారు హస్తము నెత్తవలెను. ఛాయాచిత్రము తీయబడును. ఛాయాచిత్రమందు కనబడు హస్తములను బట్టి ఊరికి శాతము నిర్ణయింపబడును."

"శాతం తక్కువైతే?"

"మంజూరైన పనులు నిలుపుదల చేసి, శాతము ఎక్కువగా గల ఊరికి తరలింపబడును" అని కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు. "మన పైపులు కూడ అందులోకే వచ్చును."

మాస్టారు లేచారు. కిటికీలోంచి పైపుల గుట్ట వంక చూశారు. ఈ ఊళ్ళో తృప్తిగా ఉన్నవాడెవడు? దోమలు తప్ప ఎవరూ లేరు. మంచం మీద దొర్లుతూ, భోజనంలో పరధ్యానంగా చారులో పెరుగు కలుపుకుంటూ రెండ్రోజులు ఆలోచించారు. ఆ తరవాత మెల్లిగా ఆయన మొహం వికసించింది. ఇది ఇన్‌స్పెక్షనే గదా! పేరు మార్చుకుని వచ్చింది, అంతే.

కౌన్సిలు హాల్లో సభ్యులందర్నీ కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేయించారు.

"చూడండి. ఆ వచ్చే ఆయన ఏమడిగినా సరే, వార్డంతా చెయ్యెత్తాలి. తృప్తిగా ఉన్నవాళ్ళు కుడిచెయ్యి. లేనివాళ్ళు ఎడమచెయ్యి. మీమీ వార్డుల్లో అందరికీ నేర్పండి."

సభ్యుల్లో చాలామందికి బల్లల మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చి నవ్వుకున్నారు. వీరభద్రం మాత్రం ముఖం చిట్లించాడు.

"మీ పాలన మీద మాకు తృప్తి లేదండి మాస్టారూ. మా వర్గం చెయ్యెత్తదు."

"ఎడమది ఎత్తండి వీరభద్రం గారూ. మీ అసమ్మతి మీకుంటుంది, ఊరి పరువు ఊరికుంటుంది."

వీరభద్రం కాసేపు ఆలోచించాడు. వ్యతిరేకించినట్టూ ఉంటుంది, వ్యతిరేకించినందుకు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఇంత సుఖమైన ప్రతిపక్షం దేశంలో ఇంకెక్కడా ఉండదనిపించి సరేనన్నాడు.

నూకరత్నం లేచింది. "మా పేటోళ్ళు ఏ సెయ్యి ఎత్తాలండి?"

"ఎడమదేనమ్మా. మీకు నీళ్ళు రావుగా."

"అంటే రాటం లేదని సెప్పినట్టేనాండి?"

"మనకి చెప్పినట్టే."

"మరాళ్ళకండి?"

"వాళ్ళకి చెప్పినట్టు కాదు. అందుకే పైపులు నిలుస్తాయి."

నూకరత్నానికి ఇందులో ఏదో మెలిక ఉందనిపించింది. కాని మాస్టారి మాట. తలూపి కూర్చుంది.

సంతృప్తి సభలు జరిగాయి. వార్డు వార్డునా, ప్రశ్న ప్రశ్నకీ, తాటిరేవు మొత్తం చేతులెత్తింది. మురుగుకాలవ పొంగి మోకాళ్ళ దాకా వచ్చిన సందులో కూడా జనం ఒక చేత్తో పంచె ఎగ్గట్టుకుని రెండోచెయ్యి ఎత్తారు. ఫోటోల్లో చేతులు తప్ప మొహాలు కనబడలేదు. శాతం నూటికి నూరు. రాష్ట్రంలో మొదటి స్థానం. రాజధానిలో మాస్టారికి శాలువా కప్పి, మోయలేనంత షీల్డు చేతిలో పెట్టారు. పక్కనున్నాయన "మీ ఊరి రహస్యమేమిటండీ?" అని అడిగితే మాస్టారు వినయంగా, "అంతా మా పిల్లల చలవ" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని కుక్కతోకకీ సర్కారు మెచ్చుకోలుకీ ఊపు ఎక్కువ. పరాంకుశం గారు ఆఫీసులో హస్తోత్థాన విభాగం ఒకటి తెరిచారు. పన్ను కట్టడానికి వచ్చినవాడు ముందు ఆ విభాగంలో చెయ్యెత్తి, మోచెయ్యి వంగలేదని రాయించుకొస్తే గాని పన్ను పుచ్చుకునేవారు కాదు. ఇతర ఊళ్ళ కమిషనర్లు బస్సుల్లో వచ్చి ఈ అద్భుతాన్ని చూసి, భోంచేసి, పూతరేకులు కట్టించుకుని పోయేవారు. వాళ్ళకి పరాంకుశం గారు ఉపన్యాసమిచ్చేవారు.

"హస్తము భుజమునుండి లేవవలెను, మోచేతినుండి కాదు. మోచేతి సంతృప్తి అల్ప సంతృప్తి. భుజ సంతృప్తియే సంపూర్ణ సంతృప్తి."

ఊరికి అదొక అలవాటైపోయింది. బస్సులో కండక్టరు "టిక్కెట్టు తీసుకోనివాళ్ళెవరండీ?" అంటే బస్సంతా చేతులు లేచేవి. పెళ్ళిభోజనాల్లో "గారెలు ఎవరికి?" అంటే వాకిట్లో చెప్పులు కాసేవాడు కూడా చెయ్యెత్తేవాడు. పెద్దాసుపత్రిలో భుజం నొప్పులవాళ్ళు వరస కట్టారు. "చెయ్యెత్తలేనివాళ్ళు ఎవరు?" అని డాక్టరడిగితే వాళ్ళూ ఎత్తారు, పాపం, మూలుగుతూ. చెయ్యెత్తనివాళ్ళకి పింఛను ఆగిపోతుందని ఎవరో పుకారు పుట్టించేసరికి ముసలివాళ్ళు నిద్రలో కూడా ఎత్తడం మొదలెట్టారు.

మాస్టారి ఇల్లూ మినహాయింపు కాదు. ఒకరోజు భార్య మాణిక్యమ్మ ఉప్మా పెట్టి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. మాస్టారు పేపరు చదువుతూ ఎడమచెయ్యి ఎత్తారు.

"నోరుంది గదా, దాంతో చెప్పండి. ఇది మునిసిపాలిటీ కాదు" అంది మాణిక్యమ్మ. "మిమ్మల్ని చూస్తే నాకు భయంగా ఉంది. ఎక్కడో ఒకచోట ఎత్తకూడని చెయ్యి ఎత్తుతారు."

మాస్టారు నవ్వేశారు. ఆ వారంలోనే రాజధాని నుంచి లారీలు వచ్చాయి.

పైపులు దింపడానికి కాదు, ఎక్కించుకుపోవడానికి. మాస్టారు ఆఫీసుకి వచ్చేసరికి కూలీలు పైపుల మీద ఎక్కి తాళ్ళు కడుతున్నారు. పరాంకుశం గారు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమిటండీ ఇది? మొదటి స్థానం మనదే గదా! ఎవరికి ఇస్తున్నారు మన పైపులు?"

"మొదటి స్థానము కనుకనే" అన్నారు కమిషనర్ గారు. ఆయన గొంతులో గర్వమే ఉంది గాని విచారం లేదు. "బల్లకట్టుపేట యందు మంచినీటి విషయమై సంతృప్తి సంపూర్ణముగా నున్నట్లు ఛాయాచిత్ర సహితముగా రుజువైనందున, సదరు పైపులైను నిష్ప్రయోజనమని భావించి రద్దు చేయడమైనది. అసంతృప్తి గల మరియొక ఊరికి తరలింపవలెనని నూతన ఉత్తర్వు."

"మొన్న శాతం ఎక్కువున్న ఊరికే పైపులన్నారు!"

"అది పాత ఉత్తర్వు. ఆ ఉత్తర్వుపై ఎవరికిని సంతృప్తి లేకపోయెను."

మాస్టారు లారీకి అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు కూడా ఆయన శిష్యుడే, "పక్కకి జరగండి మాస్టారూ, ఉద్యోగం పోద్ది" అని బతిమాలుకున్నాడు. ఒకరి ఉద్యోగం తీసేపాటి మనిషి కాదాయన. జరిగారు. లారీలు గేటు దాటుతుంటే నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. ఖాళీ ఆవరణ చూసింది. ఆవిడ కేకలేస్తే మాస్టారికి కాస్త సుఖంగా ఉండేది. వెయ్యలేదు.

"మేం ఎడం సెయ్యే ఎత్తామండి మేస్టారూ. పేటంతా ఎడం సెయ్యే. మీకు తెలుసు గదండి" అంది.

"తెలుసమ్మా."

"తెలిసిన మీరేమో సెప్పరు. మేం సెప్పిందేమో ఆళ్ళకి తెలీదు. ఇంకెందుకండి ఎత్తటం?"

మాస్టారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పిల్లలకి పాఠం రాకపోయినా తాను గట్టెక్కిన రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ గట్టెక్కడమంతా ఈ పేటవాళ్ళ నెత్తిన బిందెలై కూర్చుందనిపించింది.

కమిషనర్ గారు దయతలచి ఒక దారి చెప్పారు. పునఃపరిశీలన కోరవచ్చు. ప్రత్యేకాధికారి వచ్చి బల్లకట్టుపేటలో మళ్ళీ సభ జరుపుతాడు. అక్కడ సంతృప్తి లేదని తేలితే పైపులు వెనక్కి వస్తాయి. "అయితే ఊరి స్థానము పడిపోవును. షీల్డు తిరిగి ఇవ్వవలెను. తమ పదవికి కూడ..." అని ఆయన నసిగారు.

"రాయండి అర్జీ" అన్నారు మాస్టారు.

ప్రత్యేకాధికారి రావడానికి ముందురోజు మాస్టారు బల్లకట్టుపేటలో జనాన్ని పోగేసి, సిమెంటు అరుగెక్కి, గొంతు చించుకుని చెప్పారు.

"రేపు ఆ అధికారి నీళ్ళ గురించి అడుగుతాడు. ఎవరూ చెయ్యెత్తకూడదు. కుడిది ఎత్తకూడదు, ఎడమది ఎత్తకూడదు. అందరికీ అర్థమైందా?"

పేటంతా చేతులెత్తింది.

"దించండర్రా! దించమంటున్నా! రేపు ఇలా ఎత్తితే మీకు జన్మలో కుళాయి రాదు. ఎత్తరు గదా?"

మళ్ళీ ఎత్తారు. ఒక ముసలమ్మ పింఛను కోసం రెండు చేతులూ ఎత్తింది. మాస్టారు అరుగు మీదే కూలబడ్డారు. జీవితమంతా కష్టపడి నేర్పిన పాఠం ఇదొక్కటే, ఇదొక్కటీ వీళ్ళకి ఇంత బాగా రావాలా? తాను చెప్పిన నదుల పేర్లు ఒక్కడికైనా గుర్తున్నాయా?

"రేపు పొద్దున అధికారి గుడిసెల దగ్గరికే వస్తాడు నూకరత్నం. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అన్నారు.

"రేపు పొద్దున మీటింగంటే ఎవురూ రారండి. ఎప్పుడో ఓసారొచ్చే నీళ్ళ ట్యాంకరు రేపొస్తది. అది ఎల్లిపోతే మళ్ళీ ఎప్పుడో. ఆడోళ్ళు బిందె ఒదిలి అడుగు కదపరు."

మాస్టారు ఆవిడ వంక చూశారు. ఎదురుగా కౌన్సిలరు కనబడలేదు, ఇన్‌స్పెక్షన్ రోజున చేతులు కిందికేసుకుని నిలబడ్డ పిల్ల కనబడింది.

"ట్యాంకరు ఎక్కడాగుతుందమ్మా?"

మర్నాడు ప్రత్యేకాధికారిని మాస్టారు స్వయంగా కాలవగట్టు మీదికి తీసుకెళ్ళారు. "పౌరులు సమృద్ధిగా లభించే స్థలమండి" అని కమిషనర్ గారి భాషలోనే చెప్పారు. నిజంగానే పేటంతా అక్కడుంది. ట్యాంకరు గొట్టం కింద తోపులాట అప్పుడే తెరిపిచ్చింది. ఆడవాళ్ళు నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని ఇళ్ళకి మళ్ళుతున్నారు. మగవాళ్ళ భుజాల మీద కావిళ్ళున్నాయి. ప్రత్యేకాధికారి చిన్న స్టూలెక్కి మైకు పట్టుకున్నాడు.

"పౌరులారా! మంచినీటి సరఫరా విషయమున సంతృప్తిగా నున్నవారు హస్తములు ఎత్తుడు!"

జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. అలవాటు కొద్దీ భుజాలు కదిలాయి. ఒక కొత్తకోడలు చెయ్యి బిందె వదిలి కాస్త పైకి లేచింది. బిందె ఒరిగి నీళ్ళు చీర మీద పడ్డాయి.

"ఏటే, నీళ్ళు పారబోత్తావా! దించు సెయ్యి!" అని అత్తగారు గావుకేక పెట్టింది.

ఆ చెయ్యి టక్కున బిందె మీదికి వెళ్ళిపోయింది. ఇంక ఒక్కటంటే ఒక్క చెయ్యి లేవలేదు. ప్రత్యేకాధికారి మళ్ళీ అడిగాడు. పేటంతా బిందెలు పట్టుకుని, కళ్ళప్పగించి ఆయన్నే చూసింది. ఇలాంటి దృశ్యం ఆయన సర్వీసులో చూడలేదు.

"పోనీ, అసంతృప్తిగా నున్నవారు?"

దానికీ ఎవరూ ఎత్తలేదు. నీళ్ళు నీళ్ళే గదా.

"అసంతృప్తి కూడ లేదని రాయుదునా?" అని ఆయన కమిషనర్ గారి వైపు తిరిగాడు.

"నమూనాలో అసంతృప్తికి గడి లేదండి. హస్తములు సున్న, కావున సంతృప్తి సున్న" అన్నారు పరాంకుశం గారు.

ఫోటో తీశారు. ఎండకి ప్రత్యేకాధికారి నోరు ఎండిపోయి మంచినీళ్ళడిగాడు. నూకరత్నం తన బిందె వంచి పోసింది. దోసిలి పట్టడానికి ఆయనకి రెండు చేతులూ కావలసొచ్చాయి.

పైపులు వెనక్కొచ్చాయి. షీల్డు వెనక్కి వెళ్ళింది. తాటిరేవు రాష్ట్రంలో అట్టడుగుకి దిగింది. వీరభద్రానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు గనక, ఊరి పరువు తీశారంటూ చైర్మన్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టాడు. మాస్టారు కంగారు పడలేదు. సభ్యుల్లో ముప్పాతికమంది ఆయన మనుషులే, ముందురోజు ఇంటికొచ్చి, "ప్రాణం పోయినా తీర్మానాన్ని ఒప్పుకోం మాస్టారూ" అని కాఫీ తాగి వెళ్ళారు.

సభకి ఆర్డీవో గారు అధ్యక్షత వహించారు. ఆయన ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు. తీర్మానం చదివి తలెత్తాడు.

"ఈ తీర్మానమునకు అనుకూలముగా ఉన్నవారు చేతులెత్తండి."

అంతా చేతులెత్తారు. వీరభద్రం వర్గం కుడిచేతులు ఎత్తింది. మాస్టారి మనుషులు, ఒప్పుకోనివాళ్ళు గనక, నిజాయితీగా, భుజం నుంచి, ఎడమచేతులు ఎత్తారు. ఆర్డీవో గారు లెక్క పెట్టుకుంటూ వచ్చి చైర్మన్ కుర్చీ దగ్గర ఆగాడు. మాస్టారి ఎడమచెయ్యి అందరికంటే ఎత్తున ఉంది. ఒక్క నూకరత్నం మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఒక్క సభ్యురాలు తప్ప, చైర్మన్ గారితో సహా అందరూ సమ్మతించారు. తమ మీద తామే అవిశ్వాసం ప్రకటించుకున్న చైర్మన్ గారి సంస్కారం ఆదర్శప్రాయం" అన్నాడు ఆర్డీవో గారు.

"అయ్యా, అవి ఎడమచేతులండీ! ఎడమదంటే కాదని!" అని మాస్టారు లేచారు.

"చట్టంలో చెయ్యి అని ఉంది గాని ఏ చెయ్యో లేదండీ" అని ఆయన ఫైలు మూసేశాడు.

మాస్టారు ఇంటికి నడిచొచ్చారు. మాణిక్యమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"పోయిందా?"

"పోయింది."

"ఎవరెవరు ఎత్తారేమిటి?"

"నాతో సహా అందరూ."

మాణిక్యమ్మ చేట పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. కాసేపటికి మాస్టారికీ నవ్వొచ్చింది. కుర్చీ పోయినందుకు బాధ లేకపోలేదు. అయితే తలుపులోంచి చూస్తే కాలవ వైపు తవ్వకం మొదలైన మట్టిగుట్టలు కనబడుతున్నాయి, వాటిని చూసి ఆ పూట అన్నం బాగానే తిన్నారు.

ఎండలు ముదిరే వేళకి బల్లకట్టుపేటలో కుళాయి పడింది. చైర్మన్ వీరభద్రం గారు రిబ్బను కత్తిరించి, ఈ కుళాయి తన చిరకాల స్వప్నమని మైకులో చెప్పుకున్నాడు. ప్రత్యేకాధికారి మళ్ళీ వచ్చి అదే స్టూలెక్కాడు. మాస్టారు జనం వెనకాల, గోడ నీడన నిలబడ్డారు. ఆయన్ని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు.

"మంచినీటి సరఫరా విషయమున సంతృప్తిగా నున్నవారు హస్తములు ఎత్తుడు!"

పేటంతా చేతులెత్తింది. ఫోటో తీశారు. పరాంకుశం గారు ఫైల్లోంచి మొదటి సంతృప్తి సభ నాటి ఫోటో తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అప్పుడూ చేతులే, ఇప్పుడూ చేతులే.

"స్థితి యథాపూర్వము. మార్పేమియు లేదు" అని రాసుకున్నారు.

మాస్టారు గోడ దగ్గర నుంచి ఆ చేతుల్నే చూస్తున్నారు. అన్నీ కుడిచేతులు. ముసలివాళ్ళవీ, కొత్తకోడలిదీ, అత్తగారిదీ. ముందు వరసలో నూకరత్నం కూడా ఎత్తింది. ఆవిడ కుడిచెయ్యి ఎత్తగా ఆయన చూడడం ఇదే మొదలు. ఎత్తిన చెయ్యి దించకుండా ఆవిడ వెనక్కి తిరిగి జనంలో ఆయన కోసం వెతుకుతోంది.

మాస్టారికి ఆ క్షణాన తాను రిటైరైన సంగతీ, పదవి పోయిన సంగతీ రెండూ మరుపున పడ్డాయి. పాత అలవాటుగా వేలు చూపించి గట్టిగా పిలిచారు.

"నూకరత్నం! నువ్వు చెప్పమ్మా."

స్టూలు మీది అధికారీ, వేదిక మీది చైర్మనూ తెల్లబోయి చూశారు. నూకరత్నం కొంగు సవరించుకుని, క్లాసులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది.

"వచ్చాయండి మేస్టారూ" అంది.